నవాబు బంగ్లాలో షవర్ ఎక్కడ పెట్టాలి?

పాత బంగ్లా ఒకటి దొరికింది, మంచి హోటల్ చేద్దాం అనుకున్నవాళ్ళ కళ్ళు ముందుగా ముఖద్వారం మీద, దర్బారు హాలు మీద, పైకప్పుకు వేలాడే దీపాల మీద పడతాయి. ఆర్కిటెక్టు కూడా మొదటి బొమ్మ అక్కడిదే గీసి చూపిస్తాడు. ఆ కట్టడం హోటల్‌గా నాలుగు కాలాలు నిలుస్తుందో లేదో తేల్చేది మాత్రం పడకగదిని ఆనుకుని రాబోయే ఎనిమిదడుగుల బాత్రూము. రాతిగోడల మధ్య మంచం వేస్తే గోడకేం కాదు. సోఫా, తివాచీ, టీవీ అన్నీ రేపు తీసి పక్కన పెట్టగలిగినవే. నీళ్ళు అట్లా కాదు. లోపలికి తెచ్చామంటే రోజూ వస్తాయి, రోజూ బయటికి పోవాలి, మధ్యలో ఆవిరై గోడల్లోకి, దూలాల్లోకి దారి వెతుక్కుంటాయి.

పాతకాలపు వాళ్ళకు నీటిపని రాదనుకోవడానికి లేదు. హంపిలో రాణుల స్నానశాలకు కాలువ కట్టి నీళ్ళు పారించారు. గోల్కొండ కోటలో మట్టి గొట్టాలు వేశారు. అంత తెలిసినవాళ్ళు కూడా నీటిని పడుకునే గోడకు దూరంగానే ఉంచారు. మన రాయలసీమ ఇళ్ళల్లో స్నానం చేసే జాలాడి వెనకమూలనో పెరటివైపో ఉండేది. కింద బండ, పక్కన తొట్టి, వాడిన నీళ్ళు గోడ అడుగున తూములోంచి నేరుగా పెరట్లోని అరటిచెట్టు పాదుకు. మరుగుదొడ్డి సంగతి సరేసరి, చాలా ఇళ్ళల్లో అది ఇంటి కప్పు కిందికే రాలేదు. ఇప్పుడు రాత్రికి పాతికవేలు కట్టే అతిథికి అదే గోడల మధ్య, మంచం దిగి నాలుగడుగులు వేస్తే వేడినీళ్ళ షవర్, గాజు తలుపు, బరువైన టబ్బు కావాలి. కట్టినవాళ్ళు పనిగట్టుకుని బయట ఉంచినదాన్ని మనం పనిగట్టుకుని లోపలికి తెస్తున్నాం. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

కట్టడం ఏనాటిదన్నది ఇక్కడ పెద్ద లెక్క. జోధ్‌పూర్ ఉమేద్ భవన్ 1929లో మొదలై 1943లో పూర్తయింది. అప్పటికే పైపులు, ఫ్లష్‌లు, టబ్బులు రాజుల నక్షాల్లోకి వచ్చేశాయి. అట్లాంటి ప్యాలెస్‌ను హోటల్ చేయడమంటే చాలావరకు పాత గొట్టాలు తీసి కొత్తవి వేయడం. హైదరాబాద్ ఫలక్‌నుమా 1884లో మొదలైన కట్టడం. 2010లో తాజ్ హోటల్‌గా తెరవడానికి ముందు దాదాపు పదేళ్ళు మరమ్మతులు జరిగాయి. రాజస్థాన్‌లోని నీమ్రానా 15వ శతాబ్ది కోట. దాన్ని శిథిలంగా కొని, 1986లో బాగుచేయడం మొదలుపెట్టి 1991లో హోటల్ తెరిచారు. అంత పాత కోటలో ఫ్లష్‌కు ఎవరూ ముందుగా చోటు వదిలి ఉండరు కదా. అందుకే కేంద్ర పర్యాటక శాఖ హెరిటేజ్ హోటల్ అనడానికి 1950కి ముందటి కట్టడం కావాలి, పై తరగతులకు 1935కు ముందటిది కావాలి అని గీత గీసినా, గుత్తేదారు చూడాల్సిన గీత వేరే ఉంది: పైపులు వచ్చాక కట్టిందా, పైపులు రాకముందు కట్టిందా?

మన దగ్గరికి వద్దాం. కర్నూలు, అనంతపురం, కడప అంటున్నప్పుడు పాత జిల్లాల లెక్కనే చెబుతున్నాను. 2022లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య వచ్చాక పేర్లు మారాయి కానీ గోడలు మారలేదు. ఇక్కడ పాత కట్టడమనగానే కోటలు గుర్తొస్తాయి. గండికోట, గుత్తి, సిద్ధవటం. వీటిలో హోటల్ మాట మరచిపోవాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టుబడి నిషేధం, ఆపై ఇంకో 200 మీటర్లు అనుమతుల మీద నడిచే ప్రాంతం. గండికోటలో 2023 జులైలో ఒబెరాయ్ వాళ్ళ రిసార్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు చాలామంది కోటలోనే గదులు వస్తాయనుకున్నారు. అది కొత్తగా కట్టే రిసార్టు. కోటను చూస్తూ పడుకోవచ్చు, కోటలో కాదు. నా మట్టుకు నాకు అదే సరైన ఏర్పాటు.

మిగిలినవి రెండు రకాలు. ఒకటి, పెద్ద రైతుల, రెడ్ల, సాహుకార్ల మిద్దెలు. రెండు, నవాబుల బంగ్లాలు, తెల్లదొరల బంగ్లాలు. బనగానపల్లె దగ్గర నవాబు బంగ్లా ఉంది కదా, సినిమా వచ్చాక అందరూ అరుంధతి కోట అంటున్నది, అది ఈ రెండో రకం. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు, మన్రో దొర కలెక్టరుగా వచ్చాడు. కర్నూలు నవాబు పాలన ఇంకొన్నేళ్ళు సాగి 1839లో అదీ పోయింది. ఆ తర్వాత ఊరూరా లేచిన దొరల బంగ్లాలకు ఒక పోలిక ఉంది: ప్రతి పడకగది వెనుక చిన్న స్నానాల గది, దానికి బయటికి తెరుచుకునే తలుపు. ఆ తలుపు ఎందుకో చెప్పుకుంటే మనసుకు బాగుండదు. దొరగారి మలం డబ్బా మోసుకుపోయే మనిషి ఇంట్లోంచి నడవకూడదని పెట్టిన తలుపది. పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టాలు వచ్చాయి. ఆ తలుపు వెనకున్న చరిత్ర హీనమైనది. అయినా ఈనాటి ప్లంబరుకు అదే పెద్ద సాయం. తడిగది ఇంటి వెనకంచున ఉంది, గోడ అవతల ఖాళీ స్థలం ఉంది, గొట్టాలన్నీ బయటినుంచే పోతాయి. ఇట్లాంటి బంగ్లా దొరికినవాళ్ళు అదృష్టవంతులు. ఆ గదినే బాత్రూము చేసుకుంటే సగం పోరు తప్పుతుంది. విచిత్రమేమంటే చాలామంది దాన్ని వార్డ్‌రోబ్‌గా మార్చి, నట్టింటి గోడ కొట్టి కొత్త బాత్రూము పెడతారు.

మిద్దె ఇంటి కష్టం వేరు. గోడ రెండడుగులకు తక్కువ ఉండదు. బయటా లోపలా రాయి, నడుమ మట్టి, చిన్నరాళ్ళు. పైన దూలాలు, వాటి మీద దంతెలు అనే అడ్డకర్రలు, దంతెల మీద బండలో కొయ్యపలకలో, అన్నిటికీ పైన చౌడు మట్టి. వానపడితే చౌడు మెత్తబడి అతుక్కుపోయి నీళ్ళను కిందికి వదలదు. ఏటా కొత్త చౌడు పోసి సరిచేయాలి. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూనే వాన పడుతుంది కాబట్టి ఈ కప్పు చెల్లింది. అంటే పొడి నేల కోసం, పొడి గాలి కోసం పుట్టిన ఇల్లది. దానిలోపల రోజుకు నాలుగుసార్లు వేడినీళ్ళ ఆవిరి ఎక్కిస్తే వాన కప్పు మీద కురవడం మాని ఇంట్లో కురిసినట్టే. దూలం కొసలు గోడలో కూర్చుని ఉంటాయి, కంటికి కనబడవు. తడి తగిలితే ముందు పుచ్చేవి అవే.

ఇక సిమెంటు సంగతి. రాయీ మట్టీ కలిపి కట్టిన గోడ నేలలోంచి కొంత తేమ పీలుస్తుంది, ఎండకు ఆ తేమను ముఖం మీంచి వదిలేస్తుంది. సున్నం పూత ఆ తేమను ఆపదు. సిమెంటు పూత ఆపుతుంది. బయటికి రాలేని తేమ గోడలోనే పైకి పాకుతుంది, వెంట తెచ్చిన ఉప్పులు పూత వెనుక గడ్డకట్టి ఉబ్బుతాయి. గోడకు చవుడు పట్టిందని మనం చీపురుతో దులిపేది అదే. దులిపి, మళ్ళీ సిమెంటే పూస్తాం. బాత్రూములో అయితే దానిమీద టైల్స్ కూడా అతికిస్తాం కాబట్టి రెండేళ్ళ దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత టైలు వెనుక తడితే డొల్లశబ్దం వస్తుంది. గమ్మత్తేమంటే తాడిపత్రి, కడప, కర్నూలు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు కాల్చేదీ, మన తాతలు గానుగలో నూరి పూసిందీ ఒకే సున్నపురాయి. ఫ్యాక్టరీ బట్టీ వేడి ఎక్కువ, అందులో బంకమన్ను కలుస్తుంది. తయారైనది గట్టిదే, ఈ గోడలకు మాత్రం పనికిరాదు.

మరి షవర్ నీళ్ళు నేరుగా తగిలే గోడకు ఏం పూయాలి? మొరాకోలో హమాముల్లో, అంటే ఆవిరి స్నానశాలల్లో, పూసే తడెలక్త్ అనే పూత ఉంది. సున్నాన్ని రాయితో రుద్ది రుద్ది, చివర నల్లసబ్బుతో మెరుగుపెడతారు. నీళ్ళు జారిపోతాయి. ఇప్పుడు ప్రపంచంలో ఖరీదైన హోటళ్ళన్నీ దాని వెంట పడుతున్నాయి. మనకు కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన గానుగ సున్నపు గచ్చు ఉంది. పని తెలిసిన బేల్దారులు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళకు పని లేదు. తడి ఎక్కువ తగలని గోడలకు ఆ గచ్చే సరిపోతుంది. షవర్ కింద మాత్రం దాని ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

అక్కడికి మంచి ఉపాయం, గదిలో గది. పాత గోడను ముట్టుకోకుండా, దానికి నాలుగైదు అంగుళాలు ఎడంగా ఇనుప ఫ్రేముతో కొత్త గోడ నిలబెడతారు. పైపులు, గోడకు వేలాడే కమోడు తొట్టి, కుళాయిల మరలు అన్నీ ఆ సందులో పోతాయి. చిందే నీళ్ళన్నీ కొత్త గోడ లోపలే ఆగుతాయి, ఆవిరి సంగతి కింద చెబుతాను. సందులో గాలి ఆడుతుంది కాబట్టి పాత గోడ తన తేమను తాను వదులుకుంటుంది. ఈ కొత్త గోడను పైకప్పు దాకా కట్టకూడదు, ఏడడుగుల దగ్గర ఆపాలి. అప్పుడు మంచం మీద పడుకున్నవాడికి దూలాలు ఈ కొసనుంచి ఆ కొస దాకా కనిపిస్తాయి, గది కొలత చెడదు. రేపు ఎవరైనా హోటల్ మూసేసి ఇంటిని ఇల్లు చేసుకోవాలంటే మరలు విప్పి మొత్తం బయట పెట్టొచ్చు. పరిరక్షణ పని చేసేవాళ్ళు ఎక్కువ విలువిచ్చేది ఈ తీసేయగలగడానికే. పాత గోడలో పైపు కోసం గాడి కొట్టించే ఇంజనీరుకు ఈ మాట నచ్చదు. గాడి కొడితే చౌక, వేగం. రాయి కదిలి నడుమనున్న మట్టి రాలడం మొదలయ్యాక ఆ చౌక ఎంత ఖరీదో తెలుస్తుంది.

నేల ఇంకో తలనొప్పి. కొత్త కట్టడంలో బాత్రూము శ్లాబును ఒక అడుగు కిందికి దించి పైపులు దాస్తారు. పాత ఇంట్లో దించడానికి శ్లాబే లేదు. నాలుగంగుళాల మురుగు పైపు మీటరుకు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల వాలు అడుగుతుంది. కమోడు నుంచి బయటి గోడ నాలుగు మీటర్లుంటే వాలుకే ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు, పైపు మందం, మీద బండ, అన్నీ కలిపి బాత్రూము నేల గది నేలకన్నా జానెడు పైకి లేస్తుంది. సిగ్గుపడుతూ ఒక మెట్టు పెట్టేసి ఊరుకుంటారు. అతిథి అర్ధరాత్రి తట్టుకుని పడతాడు. అదే ఎత్తును అరుగులా మలిస్తే? గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అరుగు సాగాలి, అంచున గుండ్రటి బండ, దాని కింద సన్నని దీపపు గీత. కూర్చోవడానికి, బట్టలు పెట్టుకోవడానికి చోటవుతుంది. మన ఇంటికి అరుగు కొత్తదేం కాదు, ఇంటిముందు ఉండేది ఇంట్లోకి వచ్చింది, అంతే. వాలు కుదరని చోట మలాన్ని రుబ్బి సన్నని గొట్టంలో నెట్టే చిన్న పంపులు దొరుకుతాయి. దారి లేకపోతే తప్ప నేను వాటి జోలికి పోను. రాత్రి రెండింటికి పక్కగది ఫ్లష్ మోత వినడానికి ఎవరూ పాతికవేలు ఇవ్వరు.

మేడమీద టబ్బు పెడతామనే వాళ్ళతో లెక్క మాట్లాడాలి. టబ్బులో 250 లీటర్ల నీళ్ళంటే 250 కిలోలు. టబ్బు బరువు, మనిషి బరువు కలిపితే 400 కిలోలు దాటుతుంది, అదంతా ఒకటిన్నర చదరపు మీటరు మీద. ఈనాటి కొత్త గదుల నేలనే చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన కడతారు. నూరేళ్ళ దూలాన్ని అంతకన్నా ఎక్కువ మోయమనడం న్యాయం కాదు. టబ్బు కావాలంటే కింది అంతస్తులో, నేల మీద. పైన షవర్ చాలు.

రాయి విషయంలో మాత్రం మనం ఇటలీ వైపు చూడనక్కర్లేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయి, దేశమంతా వంటింటి గట్టుకు వేసుకునే నల్ల కడప బండ, ఇవి ఇక్కడి నేల కిందివే. పాత ఇంట్లో ఎలాగూ ఆ బండలే పరిచి ఉంటాయి, బాత్రూములోనూ అదే రాయి వస్తే పాతకూ కొత్తకూ మధ్య గీత చెరిగిపోతుంది. పాలిష్ చేయని, గనిలో పొర విడిచినట్టే ఉన్న ముఖాన్ని కాలికిందికి వాడాలి. తడిసినా జారదు, నలుపు ఇంకా చిక్కబడుతుంది. పాలిష్ పట్టించిన బండ షోరూములో బాగుంటుంది, సబ్బునీళ్ళ కింద నడుము విరగ్గొడుతుంది.

అయితే నాపరాయి సున్నపురాయి జాతి. బెలుం గుహలు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మూడు కిలోమీటర్లకు పైగా ఆ సొరంగాలను తొలిచింది కాస్త పులుపెక్కిన భూగర్భజలమే. లక్షల ఏళ్ళ ఆ పనిని హోటల్లో ఒక సీసా టాయిలెట్ యాసిడ్ ఒక్క నెలలో చేసి చూపిస్తుంది. నల్లబండ మీద తెల్లగా, గరుకుగా మచ్చలు పడతాయి, మళ్ళీ నూరిస్తే తప్ప పోవు. దీనికి తోడు మన బోరునీళ్ళు గట్టివి. ప్రతి చుక్కా ఆరి తెల్లచుక్క అవుతుంది. ఆ తెల్లదనం పోవడానికి పనివాళ్ళు యాసిడ్ తెస్తారు, యాసిడ్ రాయిని తింటుంది. ఈ చక్రం తెగాలంటే నీటిని మెత్తబరిచే యంత్రం ముందే పెట్టాలి, గది శుభ్రం చేసేవాళ్ళకు యాసిడ్ లేని సబ్బు ఇవ్వాలి, ఎందుకో తెలుగులో కూర్చోబెట్టి చెప్పాలి. డిజైనరు ఫీజులో నూరోవంతు ఈ చెప్పడం మీద పెట్టినా చాలు. ఆ యంత్రం వదిలే ఉప్పునీళ్ళను తోటకు పారిస్తే తోట చవిటినేల అవుతుంది, దానికి వేరే గుంత ఉండాలి.

వేసవి మూడు నెలలు గిరాకీ ఉండదు, గదులు మూసేస్తారు. నేలజాలీ కింద వంపులో రెండంగుళాల నీళ్ళు నిలిచి మురుగు వాసనను ఆపుతుంటాయి. మే నెల ఎండకు ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. జూన్‌లో తలుపు తీసిన మొదటి అతిథికి రాజభవనం మురుగుకాలువలా కంపు కొడుతుంది. వారానికోసారి ప్రతి జాలీలో చెంబెడు నీళ్ళు పోయించడమే మందు.

చూపుల సంగతికి ఇప్పటికి వచ్చాను, జనం దీనితోనే మొదలుపెడతారు. పాతదాన్ని అనుకరించాలా, కొత్తది కొత్తగా కనబడాలా? పాత కట్టడాల పరిరక్షణ కోసం రాసుకున్న 1964 వెనిస్ ఒప్పందం రెండోవైపు మాట్లాడింది: తప్పనిసరై చేర్చే పని పాత రూపంలో కలిసిపోకుండా తన కాలపు గుర్తు తాను మోయాలి. జోధ్‌పూర్ రాస్ హోటల్లో పాత హవేలీ మధ్యలో అట్లాగే ఉంటే, చుట్టూ కొత్త గదులు రాతి జాలీలతో నిఖార్సుగా కొత్తగా నిలబడ్డాయి. నేనూ ఆ పక్షమే. ప్లాస్టరు తోరణాలు, నెమలి టైల్స్, ‘ఆంటిక్’ అని అమ్మే పసుపు రంగు కుళాయిలు పెట్టిన బాత్రూములు పెళ్ళి మండపం గుర్తుకు తెస్తాయి. నిజమైన తోరణం పక్కగదిలో ఉండగా అబద్ధపుది దేనికి? గీతలు తిన్నగా ఉన్న గాజు, నల్లబండ, పూత లేని ఇత్తడి చాలు. ఇత్తడి చేతులు తగిలి తగిలి దానంతట అదే రంగు తేలుతుంది.

వెలుతురుకు మిద్దెలోనే జవాబు ఉంది. వంటింటి పొగ పోవడానికి, వెలుగు రావడానికి కప్పులో గవాచి ఉండేది. బాత్రూమును ఆ గవాచి కిందికి జరిపితే పగలు దీపం అక్కర్లేదు. దాని మీద గాజు మూత, పక్కన చిన్న ఫ్యాను పెడితే ఆవిరి పైకే పోతుంది, దూలాల జోలికి రాదు. రాత్రి దీపాలకు నిమ్మలకుంట తోలు షేడ్లు బాగుంటాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ అందుకున్నారు. కానీ అవి పడకగదికి. మేకతోలు ఆవిరికి ముడుచుకుపోతుంది, బాత్రూములో నెల ఉండదు.

ఇన్ని చెప్పాక డబ్బు పెట్టేవాళ్ళు అడిగేది ఒకటే, ఎప్పుడు మొదలుపెడదాం అని. ఇరవై గదులూ ఒకేసారి పగలగొట్టించకండి. వేసవిలో ఒక్క గది పూర్తిచేసి, కొత్త గోడ వెనక సందులో తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి వదిలి, మనుషులను ఉంచి వాడించండి. ఆగస్టు, సెప్టెంబరు వానలు పోయాక ఆ గోడ విప్పి దూలం కొసలు చూడండి. పొడిగా ఉంటే మిగతా గదులకు అదే నక్షా. తడి ఉంటే ముందు ఫ్యాను మార్చండి, ఆ తర్వాతే నక్షా.